అగ్గిపెట్టె సార్

ఆయన చూశాడు. నూకరాజు చెయ్యి ఉండకూడని చోట ఉందని చూసి, ఒక్క క్షణం ఆగి, అప్పుడు "నొక్కు" అన్నాడు. ఈ సంగతి మొన్నటిదాకా నేను ఎవరికీ చెప్పలేదు. ఇంట్లో అమ్మకి చెప్పలేదు, నాతో పాటు పని నేర్చుకున్న వాళ్ళకి చెప్పలేదు, నూకరాజుకి అసలే చెప్పలేదు.

ఆయన పోయి నెల రోజులైంది. నర్సీపట్నం అబీద్ సెంటర్లో ఫ్లెక్సీ కట్టారు. నల్లకళ్ళద్దాలు, తెల్లచొక్కా, చేతులు కట్టుకుని నిలబడ్డ ఫోటో. కింద "ఎందరికో దారి చూపిన గురువర్యులకు కన్నీటి నివాళి" అని రాసి, శిష్యుల ముఖాలు వరసగా పేర్చారు. ఫైర్ సేఫ్టీ సార్ అని ఎవరు చెప్పారో గానీ, డిజైన్ చేసినవాడు వెనకంతా ఎర్రటి మంటలు నింపేశాడు. చనిపోయిన మనిషి మంటల మధ్య నిలబడి నవ్వుతున్నాడు. ఆ రోజు డ్యూటీకి వెళ్తూ అక్కడ ఆగి చాలాసేపు చూశాను. పక్కన పళ్ళబండి ఆవిడ "మీవోళ్ళేటమ్మా?" అని అడిగింది. కాదని తల ఊపి వచ్చేశాను.

ఊళ్ళో అందరూ మంచివాడు పోయాడంటున్నారు. నేను ఎరిగిన మనిషిని నేను రాస్తున్నాను. పేరు రాయను. రాస్తే ఆయన భార్య బాధపడుతుంది. ఆవిడ నాకు ఎప్పుడూ చెడు చెయ్యలేదు, పైగా రెండుమూడుసార్లు మజ్జిగ కూడా ఇచ్చింది. 'ఆయన' అని రాస్తాను గానీ 'అన్నారు', 'వచ్చారు' అని మాత్రం రాయలేను. ప్రయత్నించాను. చెయ్యి ఆగిపోతోంది.

పెదబొడ్డేపల్లి వెళ్ళే రోడ్డులో కింద షాపు, పైన క్లాసు. కింద మంటలార్పే సిలిండర్లు అమ్ముతారు, పాతవాటిలో పొడి మార్చి గ్యాస్ నింపి ఇస్తారు. పైన ఆ పని నేర్పి, నేర్చుకున్నవాళ్ళని ఫ్యాక్టరీలకీ ఆస్పత్రులకీ టెక్నీషియన్లుగా పంపుతారు. డిగ్రీ అయిపోయి నేను ఇంట్లో నవలలు చదువుకుంటూ కూర్చున్న రోజుల్లో, ఆస్పత్రుల్లో ఆడపిల్లల్ని కూడా తీసుకుంటున్నారట అని మా నాన్నకి ఎవరో చెప్పారు. నాన్న స్కూల్లో గుమస్తా. నాన్నకి ఎవరు ఏది చెప్పినా నిజమే. అలా వెళ్ళి చేరాను. ఆ బ్యాచ్‌లో ఆడపిల్లని నేనొక్కదాన్నే.

మెట్లెక్కుతుంటేనే పసుపుపచ్చటి పొడి కాళ్ళకి అంటుకునేది. సిలిండర్లలోంచి తీసిన పాతపొడి. బెంచీల మీద, ఫ్యాను రెక్కల మీద, గోడన ఉన్న దేవుడి పటం మీద, ఆయన మీసం మీద కూడా అదే.

ఆయన సిగరెట్ తాగడు. అయినా చొక్కా జేబులో ఎప్పుడూ అగ్గిపెట్టె ఉండేది. పాఠం చెబుతూ ఒక పుల్ల తీసి, మందు లేని కొసతో చెవి తిప్పుకుని, కొసని ఒకసారి చూసుకుని, మళ్ళీ పెట్టెలోనే పెట్టేవాడు. కాసేపటికి అదే పెట్టెలోంచి ఒక పుల్ల తీసి గీసి, ఎవరో ఒకరి ముక్కు ముందు పెట్టేవాడు.

"ఏటి సేస్తావు?"

ఊదితే తప్పు. "రేపు గోడౌనంటుకుంటే నోటితో ఊదుతావేట్రా?" వెనక్కి జరిగితే తప్పు. "పారిపోయీవోడికి జీతం ఎవుడిస్తాడు?" కదలకుండా కూర్చుంటే మరీ తప్పు. పుల్ల వేళ్ళ దాకా కాలేవరకూ అలాగే పట్టుకుని, ఆరిపోయాక ఆ నల్లటి కొసతో వాడి నుదుటి మీద గీత గీసేవాడు. "సచ్చిపోయేవు. బొట్టెట్టేసేను, ఇంక ఎల్లు." అందరూ నవ్వాలి. నవ్వనివాడి వంతు తరవాత. సరైన జవాబు ఏమిటో కోర్సు అయిపోయేదాకా ఎవరికీ చెప్పలేదు. అలాంటిది ఒకటి ఉందని నేను అనుకోను. కుర్రాళ్ళు చాటుగా ఆయన్ని అగ్గిపెట్టె సార్ అనేవారు.

చేరిన మొదటి వారంలోనే, మధ్యాహ్నం అన్నం తిన్నాక నేను కిటికీ దగ్గర డైరీ రాసుకుంటుంటే చూశాడు. లాక్కోలేదు. దగ్గరికి వచ్చి, చేతులు వెనక్కి కట్టుకుని, వంగి, "మమ్మల్ని రాస్తన్నారేటి, డైరీ గారూ? మంచిగా రాయండి, రేప్పొద్దున మాకు సన్మానం జరగాల" అన్నాడు. ఆ రోజు నుంచి నా పేరు డైరీ గారు. మిగతా అందర్నీ 'ఒరే' అనేవాడు. నన్ను మాత్రం 'తమరు'. "డైరీ గారూ, తమరు కూకోండి. సిలిండరు మొయ్యడం తమకెందుకు? సక్కగా లేబుళ్ళంటించండి."

లేబుళ్ళంటించడానికి నేను రాలేదు. ఆ మాట అనడానికి నాకు ఇంకో వారం పట్టింది.

"నేను కూడా ఎత్తుతానండీ" అన్నాను ఒక రోజు.

"ఏటీ? ఇనపళ్ళేదు."

మళ్ళీ అన్నాను.

"ఇంకా గట్టిగా అనండి. రేపు మంటొస్తే ఇలాగే పిలుస్తారేటి? ఫైరండీ... ఫైరండీ..." సన్నగొంతు పెట్టి, తల వంచి, వేళ్ళతో లేని చున్నీ సర్దుకుంటూ నాలా నడిచి చూపించాడు. క్లాసంతా నవ్వింది. నూకరాజు కూడా నవ్వాడు. కానీ నవ్వుతూనే లేచి వెళ్ళి, మూలనున్న ఒక సిలిండర్ తెచ్చి నా కాళ్ళ దగ్గర పెట్టాడు.

"ఎత్తు సెల్లీ. ఏటవుద్ది? మా యమ్మ ఇంతకన్నా పెద్ద బిందె ఎత్తుతాది."

ఎత్తాను. నూకరాజుది నాతవరం పక్కన ఊరు. తాండవ ఏటి నీళ్ళతో పండే కొద్దిపాటి వరిపొలం, అమ్మ, పెళ్ళికాని అక్క. ఎప్పుడూ ఏదో ఒక వేళాకోళం ఆడుతూనే ఉండేవాడు. ఆయన ముందు కూడా ఆడేవాడు, చిక్కంతా అక్కడే వచ్చింది. మధ్యాహ్నం ఆయన క్లాసులోకి వచ్చి అందరి కేరేజీలూ మూతలు తీసి చూసేవాడు. నచ్చింది వేలితో తీసుకుని నోట్లో వేసుకునేవాడు. నూకరాజు వాళ్ళమ్మ పంపే ఎండురొయ్యల కూర సగం ఆయనకే పోయేది. తిని, వేలు నాక్కుని, "మీ యమ్మకి సెప్పు, ఉప్పు దండిగా ఏసింది" అనేవాడు. "సెప్పేను సార్. మీరు తినడం మానీసినాక తగ్గిస్తానంది" అనేవాడు నూకరాజు.

ఆయనకి పని రాదని నేను అనను. వచ్చు. బాగా వచ్చు. పొడి సిలిండర్ మీద చిన్న మీటరు ఉంటుంది. ముల్లు పచ్చగీత మీద ఉంటే లోపల ఒత్తిడి సరిగ్గా ఉన్నట్టు. అందరూ అది చూసి సంతోషపడిపోతారు. కానీ లోపల పొడి తడి పీల్చి గడ్డకట్టి ఉంటే ముల్లు పచ్చలోనే ఉంటుంది, నొక్కితే మాత్రం ఉత్త గాలి వస్తుంది. అందుకని ఆయన సిలిండర్ని రెండు చేతులా ఎత్తి, చెవికి ఆనించి, నెమ్మదిగా తలకిందులు చేసేవాడు. కళ్ళు మూసుకునేవాడు. లోపల పొడి మెత్తగా జారే చప్పుడు వినపడితే మంచిది. ఏమీ వినపడకపోయినా, దబ్బున ఒకేసారి పడినా పక్కన పెట్టేవాడు. ఆ కాసేపు ఆయన ముఖంలో వెక్కిరింత ఉండేది కాదు. ఆ పని నాకు నేర్పిన రోజు ఆయన ఎవర్నీ తిట్టలేదు. "ఇను" అన్నాడు అంతే. విన్నాను. ఒక్క మధ్యాహ్నంలో వచ్చేసింది. తిట్టకుండా చెప్పడం కూడా ఆయనకి చేతనవునని ఆ రోజు తెలిసింది. చేతనయ్యీ చెయ్యనివాణ్ణి ఏమనాలో నాకు తెలియదు.

కొట్టబట్టే మనకి పని వచ్చిందని ఇప్పుడు మా బ్యాచ్ వాళ్ళు వాట్సాప్ గ్రూపులో రాసుకుంటున్నారు. కొట్టడం వల్ల మాకు వచ్చింది దాచడం ఒక్కటే. మీటరు బిగిస్తూ ఒకడు అద్దం పగలగొట్టాడు. చెబితే నుదుటి మీద గీత, చెంప మీద దెబ్బ. అందుకని ఆ సిలిండర్ని వెళ్ళిపోయే సరుకులో వెనక వరసలో కలిపేశాడు. నేను చూసి బయటికి తీసి పెట్టాను. ఎవరు పగలగొట్టారని ఆయన అడిగినప్పుడు అందరం నేల చూశాం. అది శిక్షణట.

ఇంక ఆ రోజు సంగతి.

అంతకు ముందు రోజు క్లాసులో ఆయన పుల్ల గీశాడు. వెలగలేదు. మళ్ళీ గీశాడు. వెలగలేదు. మూడోసారి మందు ఊడి కింద పడింది.

"సెవిలో తిప్పిన పుల్ల అంటుకోద్సార్" అన్నాడు నూకరాజు. "దానికీ రోషముంటాది."

క్లాసు నవ్వింది. ఆయన కోసం కాదు, నిజంగా వచ్చిన నవ్వు. నేను కూడా పుస్తకం అడ్డం పెట్టుకుని నవ్వాను. ఆయన కూడా నవ్వాడు. నవ్వుతూనే నూకరాజు దగ్గరికి వెళ్ళి భుజం తట్టి, "బాగుంది రా, బాగుంది. రోషముంటాది" అన్నాడు. తక్కిన పాఠమంతా మామూలుగానే చెప్పాడు. అగ్గిపెట్టె మాత్రం మళ్ళీ బయటికి తియ్యలేదు.

అప్పటికి నూకరాజుకి ఉద్యోగం దాదాపు కుదిరింది. విశాఖ వైపు ఒక కంపెనీవాళ్ళు వాళ్ళ ఫైర్ టీముకి మనిషి కావాలని అడిగితే, ఆయనే నూకరాజు పేరు చెప్పాడు. పై వారం అక్కడ ఒంటి పరీక్ష. నీళ్ళగొట్టం చుట్ట భుజాన వేసుకుని పరిగెత్తాలి, తాడు పట్టుకుని పైకెక్కాలి. నూకరాజు కొత్త బూట్లు కొనుక్కుని, కాళ్ళు కరవకుండా అలవాటవ్వాలని క్లాసుకి కూడా అవే వేసుకొచ్చేవాడు. వాళ్ళమ్మ నూకాలమ్మకి మొక్కుకుంది. అక్క పెళ్ళి మాటలు ఆ ఉద్యోగం చూసుకునే మొదలుపెట్టారు.

మర్నాడు మేడ మీద కార్బన్ డయాక్సైడ్ సిలిండర్ పాఠం. కరెంటు వల్ల వచ్చే మంటలకి అది వాడతారు. అప్పటిదాకా మేము పొడి సిలిండర్లే పట్టాం. వాటికి రబ్బరు గొట్టం ఉంటుంది. దాని చివర చేత్తో పట్టుకునే మంట వైపు తిప్పుతాం. ఈ సిలిండర్‌కి చివర నల్లటి గరాటు ఉంటుంది. హారన్ అంటారు. గ్యాస్ బయటికి వచ్చేటప్పుడు ఆ హారన్ మంచుకన్నా చల్లగా అయిపోతుంది. వట్టి చేత్తో పట్టుకుంటే చర్మం దానికి అతుక్కుని, మంట తగిలినట్టే కాలిపోతుంది. వెనక పిడి ఉంటుంది, అది పట్టుకోవాలి. పాఠంలో మొట్టమొదట చెప్పవలసిన మాట అదే. ఇప్పుడు నేను పనిచేసే ఆస్పత్రిలో నర్సులకి సిలిండర్ చేతికి ఇవ్వకముందే చెబుతాను.

ఆయన చెప్పలేదు. "నూకరాజూ, రారా. రోషమున్నోడివి కదా, నువ్వే ముందు" అన్నాడు.

నూకరాజు కొత్త బూట్లు టకటకలాడించుకుంటూ వెళ్ళాడు. పిన్ను లాగాడు. అలవాటు ప్రకారం ఎడం చెయ్యి చాపి హారన్ పట్టుకున్నాడు. పొడి సిలిండర్ గొట్టం పట్టుకున్నట్టే. ఆ పొరపాటు మాలో ఎవరైనా చేసేవాళ్ళమే. తక్కిన కుర్రాళ్ళంతా అతని వెనకాల, కుడివైపు నీడలో నిలబడ్డారు. నేను లేబుళ్ళ డబ్బా పట్టుకుని అతనికి ఎడంపక్కన, పిట్టగోడ దగ్గర ఉన్నాను. ఆయన మా ఇద్దరికీ ఎదురుగా ఉన్నాడు.

ఆయన కళ్ళు ఆ చేతి మీదికి వచ్చి ఆగాయి. మీసం కింద పెదవి కొంచెం కదిలింది. తరవాత కళ్ళెత్తి నూకరాజు ముఖంలోకి చూసి, "నొక్కు" అన్నాడు.

"చెయ్యి..." అన్నాను నేను. "చెయ్యండీ..." అన్నాను. గ్యాస్ హోరులో నాకే వినపడలేదు.

తెల్లటి పొగ. నూకరాజు ఒక కేక వేశాడు. "వదలకు! వదలకు! పూర్తిగా కొట్టు!" అని ఆయన అరుస్తున్నాడు. నూకరాజు మాట వినే మనిషి. ఇలాగే ఉంటుంది కాబోలు అనుకున్నాడట, పళ్ళు బిగపట్టి పట్టుకునే ఉన్నాడు. పొగ తగ్గేసరికి చెయ్యి హారన్‌కి అంటుకుపోయింది. అప్పుడు ఆయన పరిగెత్తుకొచ్చాడు. "నీళ్ళు! నీళ్ళు తెండ్రా, ఎదవల్లారా!" బకెట్టు తెప్పించి, పోయించి, తనే చెయ్యి విడదీశాడు. విడిపోయింది చెయ్యి ఒక్కటే కాదు. నేను అది రాయను.

పరుగు అందరూ చూశారు. అంతకు ముందు క్షణం ఎవరూ చూడలేదు. అందరూ చూసే ఉంటారని నేను చాలా రోజులు అనుకున్నాను. భయపడి మాట్లాడటం లేదనుకున్నాను. తరవాత ఒక్కొక్కరూ చెప్పుకునేది వింటుంటే అర్థమైంది. వాళ్ళ కథలో సార్ పరిగెత్తుకొచ్చి నూకరాజుని కాపాడాడు. అంతకన్నా వాళ్ళ దగ్గర ఏమీ లేదు.

నూకరాజుని తీసుకెళ్ళిన ఆస్పత్రిలో, చేతి మీద వేణ్ణీళ్ళు పడ్డాయని ఆయన చెప్పించాడు. సాయంత్రం నేను మెట్లు దిగుతుంటే కింద గుమ్మంలో నిలబడి చెవిలో పుల్ల తిప్పుకుంటున్నాడు.

"డైరీ గారూ, ఇయ్యాలది రాసుకున్నారా?"

నేను డైరీ ఉన్న సంచి చంకలోకి లాక్కున్నాను.

"రాసుకోండి. మీ రాత ఎవులు సదువుతారు?" ఎంతో మెత్తగా అన్నాడు. ఆయన నాతో అంత మెత్తగా మాట్లాడింది అదొక్కసారే.

పై వారం ఒంటి పరీక్షకి నూకరాజు కట్టుకట్టిన చేత్తోనే వెళ్ళాడు. తాడు పట్టుకోలేకపోయాడు. కంపెనీవాళ్ళు కోటవురట్ల నుంచి వచ్చిన ఇంకో కుర్రాణ్ణి తీసుకున్నారు. అక్క పెళ్ళి మాటలు అక్కడితో ఆగిపోయాయి. ఇప్పుడు నూకరాజు నాతవరం నుంచి నర్సీపట్నానికి షేర్ ఆటో నడుపుతున్నాడు. ఎడం చెయ్యి చివరి రెండు వేళ్ళూ పూర్తిగా ముడుచుకోవు. క్లచ్ తక్కిన వేళ్ళతోనే నొక్కుతాడు.

ఇక్కడితో అయిపోయి ఉంటే నాకు ఇంత కసి ఉండేది కాదేమో.

నాకు ఆస్పత్రిలో ఉద్యోగం వచ్చాక, అక్కడి సిలిండర్లు నింపించడానికి ఆ షాపుకే వెళ్ళవలసి వచ్చేది. ఊళ్ళో ఇంకొకటి లేదు. కింద స్టూలు మీద కూర్చుని ఎదురుచూస్తుంటే పైన క్లాసు వినపడేది. కొత్త బ్యాచ్ వచ్చిన ప్రతిసారీ కార్బన్ డయాక్సైడ్ పాఠం రోజున ఆయన నూకరాజుకి ఫోన్ చేసేవాడు. నూకరాజు ఆటో రోడ్డు పక్కన ఆపి, ఎక్కినవాళ్ళని "రెండు నిమిషాలండీ" అని బతిమాలి, మెట్లెక్కి పైకి వెళ్ళేవాడు.

"సూపించరా" అనేవాడు ఆయన.

నూకరాజు అరచెయ్యి చాపి బెంచీల మధ్య నడిచేవాడు. కింద నుంచే నాకు ఆ అడుగులు తెలిసేవి.

"సెప్పరా, ఎలాగైందో."

"సార్ సెప్తానే ఉన్నారు, ఇనకుండా నానే పట్టుకున్నాను" అనేవాడు నూకరాజు. "సార్ గానీ పరిగెత్తుకు రాపోతే సెయ్యే ఉండీది కాదు. మీరు సార్ మాట జాగర్తగా ఇనండి తమ్ముడూ."

సార్ చెబుతూనే ఉన్నాడట! మొదటిసారి విన్నప్పుడు ఆయనే అలా చెప్పమన్నాడేమో అనుకున్నాను. కాదు. నూకరాజు నిజంగానే అలా నమ్ముతున్నాడు. అన్నిసార్లు చెప్పుకుని చెప్పుకుని అదే జ్ఞాపకం అయిపోయింది. కిందికి దిగి వస్తూ నన్ను చూసి, "ఏటి సెల్లీ, బాగున్నావా? సార్ టీ ఇప్పించేరు" అని నవ్వేవాడు. పాఠానికి బొమ్మలు గీసుకోవచ్చు. ఫోటోలు పెట్టుకోవచ్చు. ఆయన తను కాల్చిన చేతినే తెప్పించుకుని, టీ పోసి, పాఠానికి వాడుకున్నాడు. మీసం మీద పొడి దులుపుకుంటూ వెనకాలే మెట్లు దిగి వచ్చి నన్ను చూసి, "డైరీ గారొచ్చేరేటి!" అనేవాడు.

ఆయన గుండెపోటుతో పోయాడు. కష్టపడలేదట.

పెద్దకర్మ నాడు ఆయన భార్య ఫోన్ చేసింది. "రా అమ్మా. పిల్లలందరూ వస్తన్నారు. రెండు ముక్కలు సెప్పుదుగాని." చెప్పనని నాకు తెలుసు. ఆవిడ కోసం వెళ్ళాను. మేడ మీద షామియానా వేసి, కుర్చీలు వేసి, ఫోటోకి బంతిపూల దండ వేశారు. మైకు పెట్టారు. ఒక్కొక్కరే లేచి మాట్లాడారు. కొట్టేవాడు, అయినా మనసు వెన్న. తిట్టేవాడు, అయినా మన మంచికే. నుదుటి మీద గీసిన గీతలు కూడా ముచ్చటగా చెప్పుకుని నవ్వుకున్నారు. ఆయన భార్య కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వింటోంది.

చివర నూకరాజు లేచాడు. ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చాడు. మైకు కుడిచేత్తో పట్టుకున్నాడు.

"నా వల్ల సార్‌కి సెడ్డపేరొచ్చింది" అన్నాడు. "కుర్రోడి సెయ్యి కాల్చీసేడని బయట ఎవులెవులో అన్నారు. సార్ సెప్తే నాను ఇనలేదు. నా బుద్ధి తక్కువ. ఒక్కసారి కూడా నన్ను సార్ మాటనలేదు. నన్ను క్షమించండి సార్ అని అడుగుదామని ఎన్నోసార్లు అనుకున్నాను. అడక్కుండానే ఎల్లిపోయేరు." మైకు పక్కన పెట్టి, వెళ్ళి ఫోటో ముందు మోకాళ్ళ మీద కూర్చుని, రెండు చేతులూ ఆ ఫోటో అంచుకి ఆనించాడు. ఆ రెండు వేళ్ళూ తిన్నగా నిలబడి ఉన్నాయి.

అందరూ కళ్ళు తుడుచుకున్నారు. నాకు ఏడుపు రాలేదు. అతను తల దించుకుంటుంటే ఫోటోలో ఆ పెదవి కదిలినట్టే అనిపించింది. ఎవరిది తప్పో వాడు దండ వేసుకుని కూర్చున్నాడు, కాలినవాడు క్షమించమంటున్నాడు. ఇంక నూకరాజు బతికినంత కాలం అలాగే అనుకుంటాడు. అది చూసి ఊరుకోవడం నా వల్ల కాలేదు.

భోజనాలకి లేస్తుంటే నేను కిందికి వెళ్ళి ఆటో దగ్గర నిలబడ్డాను. నూకరాజు వచ్చాడు. కళ్ళు ఇంకా ఎర్రగా ఉన్నాయి.

"ఏటి సెల్లీ, నువ్వు మాటాడ్లేదేటి?"

"నాకు మైకు చేతకాదు అన్నయ్యా."

"సార్ అనీవోరు, డైరీ గారి గొంతు డైరీకే ఇనపడదని." నవ్వాడు.

"అన్నయ్యా, సార్ చూశారు."

"ఏటి సూసేరు?"

"నువ్వు హారన్ పట్టుకోవడం. నొక్కకముందే చూశారు. చూసి, ఆగి, అప్పుడు నొక్కమన్నారు. పట్టుకోవద్దని చెప్పలేదు. ఆ రోజు అసలు ఆ మాటే ఎత్తలేదు. నేను నీకు ఎడంపక్కనున్నాను. ఆయన ముఖం నాకు కనపడింది."

ఈసారి నా గొంతు వినపడింది. పక్కన బడ్డీకొట్టు అతను కూడా తల తిప్పి చూశాడు.

నూకరాజు కొంచెంసేపు సీటు మీద గుడ్డ సర్దాడు. సర్దిందే మళ్ళీ సర్దాడు.

"నీకు సార్ అంటే మొదట్నించీ పడదు కదా" అన్నాడు.

"పడదు. అయినా చూశారు."

అతను నా వైపు చూడలేదు. రోడ్డు మీద పోయే లారీని చూస్తూ అడిగాడు.

"అగ్గిపుల్ల గురించేనా?"

ఆ పుల్ల మాట నేను ఎత్తలేదు. అతనే గుర్తు తెచ్చుకున్నాడు. నాలుగేళ్ళ కిందట ఆడిన వేళాకోళం అంత త్వరగా అందిందంటే, అది ఎక్కడో పైపైనే ఉంది. నమ్మనని అన్నా, తిట్టినా నాకు తేలికగా ఉండేది. నాతవరం వెళ్ళేవాళ్ళు ఇద్దరు సంచులతో వచ్చి ఎక్కబోయారు. "ఎల్దండీ, ఇది ఎల్దు" అన్నాడు. వాళ్ళు గొణుక్కుంటూ వెళ్ళిపోయారు. పైనుంచి ఆయన భార్య పిట్టగోడ మీంచి వంగి, "నూకరాజూ, బోయినానికి రాయ్యా, ఇస్తర్లేసేం" అని పిలిచింది. అతను తల ఎత్తలేదు. లోపల కూర్చుని ఇంజను స్టార్ట్ చేశాడు.

"అన్నయ్యా" అన్నాను.

ఆ రోజు తరవాత అతను ఇంతవరకూ నాతో మాట్లాడలేదు. స్టాండు దగ్గర ఎదురుపడితే వేరే ఆటోల వైపు చెయ్యి చూపిస్తాడు. ఆ రోజు బండి కదుపుతూ, ముందుకే చూస్తూ అన్నాడు:

"ఇన్నాళ్ళూ నా మీద నాను కోపడ్డాను సెల్లీ, అది అలవాటైపోయింది. ఇప్పుడు ఆడి మీద కోపడమంటన్నావు. ఆడెక్కడ దొరుకుతాడు నాకు?"